లిఫ్టులో కలిసిపోయిన చెత్త: విశాఖలో ఒక అపార్ట్‌మెంట్ కేసు

అపార్ట్‌మెంట్లు తమ చెత్తను తామే చూసుకునేలా ఏర్పాట్లు చేసిపెట్టడం నా వృత్తి. విశాఖపట్నంలోనే పన్నెండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. ఇక్కడ రాస్తున్నది 2023 వేసవిలో మొదలై 2024 చివరిదాకా నడిచిన కేసు. ఎవరిదో పోల్చుకోకుండా ఫ్లాట్ల లెక్క, బ్లాకుల అమరిక కొంచెం మార్చాను, పేర్లు వదిలేశాను. ఎం.వి.పి. కాలనీకీ మధురవాడకీ మధ్య ఎక్కడో ఉందనుకుంటే చాలు. నేను సవ్యంగా చేసిన కేసులు ఇంతకంటే ఉన్నాయి. ఇందులో మూడుసార్లు తప్పు చేశాను, అందుకే దీన్ని ఎంచుకున్నాను.

నేపథ్యం

రెండు బ్లాకులు, ఐదేసి అంతస్తులు, మొత్తం 110 ఫ్లాట్లు. బ్లాకుకి ఒక లిఫ్టు. వెనక కాంపౌండ్ గోడ, గోడ అవతల గెడ్డ. విశాఖలో గెడ్డ అంటే వానాకాలంలో కొండల మీది నీళ్ళు సముద్రంలోకి దిగే దారి. మిగతా కాలమంతా మురుగు పారుతుంది. ఈ గెడ్డ మళ్ళీ కథలోకి వస్తుంది.

రోజుకి 160 నుంచి 170 కిలోల చెత్త. అప్పట్లో అమల్లో ఉన్న 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం రోజుకి సగటున 100 కిలోలు దాటితే అది భారీగా చెత్త ఉత్పత్తి చేసే చోటు కిందికి వచ్చేది. తడి చెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాసుగానో మార్చుకోవాల్సి ఉండేది. అసోసియేషన్‌కి ఆ సంగతి నోటీసు వచ్చాకే తెలిసింది.

అప్పటిదాకా ఆ చెత్త ప్రయాణం ఇలా ఉండేది. పొద్దున్నే ఒకావిడ తలుపు తలుపుకీ తిరిగి చెత్త తెచ్చి సెల్లార్లో డ్రమ్ములు నింపుతారు. ఏడింటికి నగరపాలక సంస్థ బండి వస్తుంది. బండి నుంచి ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌కి. అక్కడ చెత్తను నొక్కి పెద్ద బండ్లకెక్కించి, భీమిలి వైపున్న కాపులుప్పాడకి తోలతారు. ఊరు మొత్తం మీద రోజుకి సుమారు వెయ్యి టన్నులు ఈ దారిలోనే పోతాయి. కాపులుప్పాడ అంటే ఈ మధ్య ఐటీ కంపెనీల భూముల వార్తలే గుర్తొస్తాయి గానీ, మా వృత్తిలో వాళ్ళకి ఆ పేరు వినగానే ముక్కుకి వాసన తగులుతుంది. ఏళ్ళ తరబడి పేరుకున్న గుట్ట ఉన్న చోటు అది. ఆ పాత చెత్తను తవ్వి, జల్లెడ పట్టి, మట్టి వేరు, మండేది వేరు, రాళ్ళు వేరు చేసే పని కూడా అక్కడే జరిగింది. 2022లో చెత్త నుంచి కరెంటు తీసే 15 మెగావాట్ల ప్లాంటు మొదలైంది.

పిలిచిన కారణం

సెక్రటరీ గారు మొదటి రోజే నన్ను సెల్లార్‌కి తీసుకెళ్ళారు. ఒక మూల పచ్చరంగు వేసిన కంపోస్ట్ మెషీన్, దాని మీద వాచ్‌మన్ తువ్వాలు ఆరేసుకున్నాడు. రెండో మూల ఆరు డ్రమ్ములు. మూడింటి మీద "తడి" అని, మూడింటి మీద "పొడి" అని రాసుంది. మూతలు తీసి చూస్తే ఆరింటిలోనూ ఒకటే సరుకు: అన్నం, డైపరు, పాల కవరు, పెన్ను రీఫిల్లు, ములక్కాడ పిప్పి.

"మా వాళ్ళకి అవగాహన లేదు సార్. చదువుకున్నవాళ్ళే, చెప్తే వినరు. 2017లో స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఊరికి మూడో ర్యాంకొచ్చిందని పండగ చేసుకున్నారు. ఇంట్లో రెండు బుట్టలు పెట్టండంటే మాత్రం బద్ధకం" అన్నారాయన.

ఆయన మాట నమ్మేశాను. డ్రమ్ముల్లో సాక్ష్యం కళ్ళెదుటే ఉంది కదా. డాక్టరు దగ్గరికొచ్చిన మనిషి తనకి అల్సరని చెప్తే, పొట్ట నొక్కి చూడకుండానే చీటీ రాసినట్టయింది నా పని.

అవగాహన, జరిమానా, మెషీన్

అవగాహనే లోపమనుకున్నాక చేసేది అందరికీ తెలిసిందే. ఆదివారం సాయంత్రం టెర్రస్ మీద మీటింగ్ పెట్టాం. పిల్లలతో బొమ్మలు వేయించాం. లిఫ్టు పక్కన పోస్టర్: తడి పచ్చ బుట్టలో, పొడి నీలం బుట్టలో, బ్యాటరీలూ పాత మందులూ సూదులూ ఎర్ర బుట్టలో. వాట్సాప్ గ్రూపులో రోజూ ఒక ఫొటో. నాలుగైదు రోజులు డ్రమ్ములు కొంచెం శుభ్రంగా కనిపించాయి. రెండో వారానికి మళ్ళీ ములక్కాడ పిప్పి, పాల కవరు.

అప్పుడు కమిటీ జరిమానా పెడదామంది. కలిపి ఇస్తే వంద రూపాయలు, మెయింటెనెన్స్ బిల్లులో కలుపుతారు. నాకు మనసొప్పలేదు గానీ గట్టిగా అడ్డుచెప్పలేదు. పది రోజులకి వాచ్‌మన్ పిలిచి గోడ వెనక్కి చూపించాడు. గెడ్డలో ముడేసిన నల్ల కవర్లు పదిహేను దాకా ఉన్నాయి. తలుపు దగ్గర పెడితే వంద పడుతుంది, రాత్రి పదకొండింటికి గోడ మీదుగా విసిరితే ఏమీ పడదు. నైరుతి వానలు మొదలయ్యే రోజులవి. ఒక్క గట్టి వాన పడితే ఆ కవర్లన్నీ సముద్రం ఒడ్డున తేలేవి. మర్నాడే జరిమానా తీసేయించాను. ఎవరు విసిరారో సీసీ కెమెరాలో చూద్దామన్నారు కమిటీవాళ్ళు, వద్దన్నాను. ఒక్క పేరు బయటికొస్తే ఇక ఆ అపార్ట్‌మెంట్‌లో చెత్త మాటెత్తితే చాలు, కొట్లాటే మిగిలేది.

తర్వాత మెషీన్ మీద పడ్డాను. ఇది నా రెండో తప్పు. లక్షలు పోసి కొన్నారు, మూలపడేస్తే ఎలా అని వాళ్ళ బాధ. దాన్ని నడిపించగలిగితే నామీద నమ్మకం కుదురుతుందని నా ఆశ. అది ముక్కలు చేసి, వేడి పెట్టి, 24 గంటల్లో గోధుమరంగు పొడి ఇస్తుంది. అమ్మినవాళ్ళు దాన్నే ఎరువన్నారు. నిజానికి అది ఎండబెట్టిన చెత్త. సూక్ష్మజీవులు దాన్ని ఇంకా ముట్టుకోనేలేదు. మూడో అంతస్తులో ఒకాయన తన గులాబీ కుండీల్లో వేసి నీళ్ళు పోశారు. రెండో రోజుకి తెల్లటి బూజు, మూడో రోజుకి వాసన, వారానికి ఆకులు పసుపు. ఎండిపోయి ఆగిన కుళ్ళడం నీళ్ళు తగలగానే కుండీలో మొదలైంది. దానికితోడు మేం వేసింది కలిసిన చెత్త కాబట్టి కవర్లు బ్లేడుకి చుట్టుకుని నెలలో రెండుసార్లు మోటారు ఆగింది. కరెంటు బిల్లు చూసి ట్రెజరర్ గారికి టెన్షన్ పట్టుకుంది.

రెండు నెలలు ఇలా పోయాయి. నా ఫీజు వాళ్ళడగలేదు గానీ, అడగడానికి నాకే మొహం చెల్లలేదు.

తలుపు దగ్గర, సెల్లార్లో

అప్పుడు చేశాను మొదటి రోజే చెయ్యాల్సిన పని. తెల్లవారి అయిదున్నరకి, చెత్త డ్రమ్ములో పడకముందే, ప్రతి తలుపు దగ్గరా బుట్ట చూశాను. వరసగా అయిదు రోజులు చూశాను. చేతికి గ్లవ్స్, పక్కన వాచ్‌మన్, చిన్న నోటుబుక్కు.

110 ఫ్లాట్లలో 64 ఇళ్ళవాళ్ళు సరిగ్గా వేరు చేసి పెడుతున్నారు. కొందరు పాల కవర్లు కడిగి, మడతపెట్టి, రబ్బరు బ్యాండు వేసి మరీ పెట్టారు. అదే చెత్తని గంటన్నర తర్వాత సెల్లార్లో చూస్తే వేరుగా ఉన్న డ్రమ్ము ఒక్కటీ లేదు.

అంటే వంటింట్లో తప్పు జరగడం లేదు, లిఫ్టులో జరుగుతోంది. వేరు చేసి పెట్టినవాళ్ళు ఏదో ఒక రోజు కిందికి దిగి, ఆ డ్రమ్ములు చూసి, మన కష్టమంతా ఇంతేనా అనుకుని మానేస్తున్నారు. మీటింగులు పెట్టిన కొద్దీ ఈ 64 తగ్గుతుందే తప్ప పెరగదు.

చెత్త తెచ్చే ఆవిడతో అప్పటిదాకా నేను "తడి వేరు, పొడి వేరు వెయ్యమ్మా" అని చెప్పానే గానీ, ఆవిడ చెప్పేది వినలేదు. ఆ రోజు మెట్ల మీద కూర్చుని అడిగాను.

"ఏటి సెయ్యమంటారు బాబూ? లిఫ్టులో ఒక్క డ్రమ్మే పడతాది. ఏడు దాటితే లిఫ్టులో సెత్త ఎట్టకూడదన్నారు, పిల్లలు బడికెల్తారని. బండి కూడా అప్పుడే వొచ్చేస్తాది. రెండు బిల్డింగులు, నాను ఒక్కదాన్ని. రెండో డ్రమ్ముకి మల్లీ పైకెక్కితే ఎప్పటికి తెమల్తాది?"

కమిటీ మినిట్స్ పుస్తకం తెప్పించి చూశాను. "ఉదయం 7 తర్వాత లిఫ్టులో చెత్త నిషేధం" అన్న తీర్మానం ఉంది. ఏకగ్రీవం. గంటన్నరలో 110 తలుపులు, ఒక్క లిఫ్టు ప్రయాణానికి ఒక్క డ్రమ్ము. కలపకుండా ఈ పని పూర్తి చెయ్యడం ఎవరివల్లా కాదు. వేరు చెయ్యండని ఒక తీర్మానం, వేరు చెయ్యడానికి వీల్లేకుండా ఇంకో తీర్మానం, రెండింటి కిందా అవే సంతకాలు.

రెండో సంగతి చెప్పడానికి ఆవిడ ఇంకో రెండు రోజులు తీసుకున్నారు. ఇదివరకు అట్టపెట్టెలు, సీసాలు, పాల కవర్లు ఏరి పాత సామాన్ల కొట్టుకి వేస్తే నెలకి రెండు వేలకి పైన వచ్చేది. పోయినేడాది కమిటీ పొడి చెత్తని బయటి పార్టీ ఒకరికి కాంట్రాక్టు ఇచ్చింది. ఆవిడతో ఒక్క మాట చెప్పలేదు. అప్పటి నుంచి ఆవిడ పార్టీ రాకముందే పొడి సంచులు విప్పి అమ్ముడుపోయేవి తీసుకుని, మిగిలిన చిప్స్ ప్యాకెట్లు, థర్మాకోల్, పేపర్ కప్పులు తడి డ్రమ్ములో వేసేస్తున్నారు. పొడి చెత్త రావడమే లేదని పార్టీ ఫిర్యాదు. జనం వేరు చెయ్యట్లేదని దానిమీద కమిటీ తీర్పు. ఆ తీర్పు మీద నా పోస్టర్లు.

ఇది కమిటీకి చెప్పేటప్పుడు చాలా ఆలోచించాను. ఉన్నదున్నట్టు చెప్తే ఆవిడ ఉద్యోగం పోతుంది. దాస్తే కేసు కదలదు. చివరికి సెక్రటరీ గారొక్కరికే చెప్పి, ముందు ఒక మాట తీసుకున్నాను: ఆవిడ ఆదాయం మీరు చెప్పాపెట్టకుండా తీశారు కాబట్టి, దీన్ని దొంగతనంగా లెక్కించకూడదు. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా ఆవిడ అప్పుడే చెప్పింది, ఆమెని అడిగారా అని" అన్నారు.

స్టీల్ ప్లాంటాయన ప్రశ్న

కొత్త పద్ధతికి వెళ్ళేముందు ఒక అడ్డంకి ఉంది. ఉక్కు కర్మాగారంలో బాయిలర్ల దగ్గర పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు మీటింగులో లేచి అడిగారు: "అక్కడ కరెంటు ప్లాంటు ఉంది కదండీ. అన్నీ కాల్చేస్తారు. మరి మనం ఇక్కడ వేరు చెయ్యడమెందుకు?" వెనకాల చాలామంది తలలూపారు. తేలిగ్గా కొట్టిపారెయ్యాల్సిన ప్రశ్న కాదు. దీనికి సమాధానం లేకుండా ముందుకెళ్తే ఆ తలలూపినవాళ్ళెవరూ కలిసిరారు.

పర్యావరణం, భూమాత అని మొదలుపెట్టకుండా ఆయనకే పెన్ను ఇచ్చాను. మన చెత్త 100 కిలోల్లో తడిది దాదాపు 60. అందులో మూడొంతులు నీళ్ళు, అంటే 45 కిలోలు. 30 డిగ్రీల నీటిని మరిగించడానికి కిలోకి 70 కిలో క్యాలరీలు, ఆవిరి చెయ్యడానికి ఇంకో 540. ఆయన చీటీ వెనకాల గుణించుకున్నారు: 27 వేల పైచిలుకు. కిలో పొడి చెత్త మూడున్నర వేలు ఇస్తుందనుకున్నా, దాదాపు 8 కిలోల పొడి చెత్త మన సాంబారు నీళ్ళని ఆవిరి చెయ్యడానికే సరి.

"అందుకేనా అక్కడ చెత్తని కొన్నాళ్ళు గుంటలో ఆరబెడతారు?" అన్నారు. అవునన్నాను. గుంటలో ఊట దిగాకే క్రేను చెత్తనెత్తి పొయ్యిలో వేస్తుంది. ఆ ఊటను మళ్ళీ శుద్ధి చెయ్యాలి. పొయ్యిలో వేడి 850 డిగ్రీలకి తగ్గకూడదు, తగ్గితే విషవాయువులు సరిగ్గా విరగవు. చివర్లో బూడిద మిగులుతుంది, దానికీ చోటు చూడాలి. అటు 2016 నియమాల్లోనూ కిలోకి 1500 కిలో క్యాలరీలు, ఆపైన ఇచ్చేదీ, మళ్ళీ వాడుకోవడానికి పనికిరానిదీ అయిన చెత్తను పూడ్చకుండా ఇంధనంగా వాడాలని ఉండేది. అరటితొక్క ఆ లెక్కలోకి రాదు. "తడి పిడకలతో పొయ్యి రాజెయ్యడమన్నమాట" అని ఆయనే ముగించారు. తర్వాత మా పనిలో నాకంటే గట్టి వకీలు ఆయనే. వీధి చివర టీ కొట్టు దగ్గర కూడా ఆ చీటీ తీసి చూపించేవారట.

రంగు బదులు రోజు

పద్ధతి మార్చడంలో నేను తీసుకున్న ముఖ్యమైన నిర్ణయం, చెత్తను బుట్టల రంగుతో కాకుండా రోజులతో విడదీయడం. రోజూ తడి మాత్రమే తీసుకుంటారు. పొడి బుధవారం, ఆదివారం మాత్రమే, అదీ పది గంటల తర్వాత, లిఫ్టు ఖాళీగా ఉన్నప్పుడు. డైపర్లు, ప్యాడ్లు పేపర్లో చుట్టి గుర్తుపెట్టి రోజూ ఇవ్వచ్చు, అవి డ్రమ్ము పక్కకి తగిలించిన వేరే సంచిలోకి పోతాయి.

ఎందుకిలా అంటే, రెండు రంగుల పద్ధతిలో ఇంటివాళ్ళు, మోసేవాళ్ళు, లిఫ్టు, బండి అన్నీ ఒకేసారి సరిగ్గా ఉండాలి. రోజుల పద్ధతిలో లిఫ్టులో ఎప్పుడూ ఒక్క డ్రమ్మే. కలపాలన్నా కలపడానికి రెండోది ఉండదు. పొడి చెత్త ఇంట్లో మూడు నాలుగు రోజులుంటే ఏమీ కాదు, కడిగి ఆరబెడితే వాసన కూడా రాదు. కడగకపోతే వస్తుంది. ఆ వాసన ఇప్పుడు సెల్లార్లో కాక సొంత బాల్కనీలో వస్తుంది కాబట్టి ఎవరూ చెప్పకుండానే పెరుగు కప్పులు కడగడం మొదలైంది.

తడి చెత్తని కవర్లో కట్టి ఇవ్వకూడదన్నాం. దీనికి వచ్చినంత గొడవ దేనికీ రాలేదు. బకెట్ ఎవరు కడుగుతారు, ఈగలు రావా అని. బకెట్ అడుగున పాత న్యూస్ పేపర్ వెయ్యమన్నాం. చారు, పులుసు సింకు దగ్గర చిల్లుల గిన్నెలో వడకట్టాకే వెయ్యమన్నాం. సగం మంది నెలలో అలవాటు పడ్డారు, మిగతావాళ్ళు నాలుగు నెలలు తీసుకున్నారు. పై అంతస్తులో ఒకే ఫ్లాట్లో ఉండే అయిదుగురు కుర్రాళ్ళు చివరిదాకా స్విగ్గీ డబ్బాల్లోనే కలిపి ఇచ్చారు. వాళ్ళని వదిలేశాను. 110లో ఒకటి.

పొడి చెత్త హక్కు ఆవిడదే అని మినిట్స్ పుస్తకంలో రాయించాను. ఇక్కడ కమిటీలో చీలిక వచ్చింది. జీతం రెండు వేలు పెంచేద్దాం, చెత్త మాత్రం అపార్ట్‌మెంట్ ఆస్తి, అమ్మిన డబ్బు కార్పస్‌లో, అంటే అసోసియేషన్ ఉమ్మడి నిధిలో వేద్దాం అన్నారు కొందరు. వినడానికి పద్ధతిగానే ఉంది. నేను ఒప్పుకోలేదు. జీతం పెంచితే చెత్త కలిసినా, కలవకపోయినా ఆ రెండు వేలు వస్తాయి. సరుకు ఆవిడదే అయితే, తడిసిన అట్టపెట్టెకి ధర రాదని ఆవిడకి మనకంటే బాగా తెలుసు. బయటి పార్టీ కాంట్రాక్టు గడువు రెండు నెలల్లో ఎలాగూ అయిపోతోంది, మళ్ళీ పొడిగించలేదు.

మూడో వారం నేను మెట్లెక్కుతుంటే రెండో అంతస్తులో ఆవిడ గొంతు వినిపించింది: "అమ్మగోరూ, ఈ అట్టముక్క మీద కూరొలికిపోనాదండి. దీనికి రూపాయి కూడా ఇవ్వరు. రేపట్నించి సూసి ఎయ్యండి." లోపలి నుంచి, "సరేలేమ్మా, సారీ" అని సమాధానం. నా పోస్టర్లకి ఎవరూ సారీ చెప్పలేదు.

తొట్లు, పురుగులు, అక్టోబరు

మెషీన్ని తీసేసి, వెనక గోడ వారన ఇటుకలతో ఆరు తొట్లు కట్టించాం. ఒక్కోటి నాలుగడుగుల చదరం, మూడున్నర అడుగుల ఎత్తు, గాలాడడానికి ఇటుకల మధ్య సందులు, పైన రేకు. ఒక్కోటి నిండడానికి ఎనిమిది తొమ్మిది రోజులు. ఆరోది నిండేసరికి మొదటిది పండుతుంది.

తడి చెత్త ఒక గంపకి ఎండుటాకులు గంపన్నర. వంటింటి చెత్తలో నత్రజని ఎక్కువ, ఆకుల్లో కర్బనం ఎక్కువ. కర్బనం 25, 30 పాళ్ళకి నత్రజని ఒక పాలు ఉంటే కుళ్ళడం వాసన లేకుండా, వేడితో సాగుతుంది. ఆకు తక్కువైతే ముక్కు పగిలే ఘాటు వస్తుంది. పిడికిట్లోకి తీసుకుని పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, కారితే తడి ఎక్కువైనట్టు. థర్మామీటరు కొనిచ్చాం గానీ ఆవిడ ఇనప చువ్వ వాడేవారు. మధ్యలో గుచ్చి, కాసేపాగి తీసి చేత్తో పట్టుకోవడం. పట్టుకోలేకపోతే బాగుంది. ఆ లెక్క 55 డిగ్రీలు దాటినప్పటి థర్మామీటరుతో ఎప్పుడూ సరిపోయింది.

ఆకులు కొనక్కర్లేదు. హుద్‌హుద్ తుపాను తర్వాత నాటిన బాదం, కానుగ, వేప ఆవరణ నిండా ఉన్నాయి. అప్పటిదాకా ఊడ్చిన ఆకుల్ని తెల్లారకముందే ఒక మూల తగలబెట్టేవారు. బాదం ఆకు మాత్రం పెద్దది, తోలులా ఉంటుంది, అలాగే వేస్తే పొరలు పొరలుగా అంటుకుని గాలి ఆడనివ్వదు. చేత్తో నలిపో, కర్రతో కొట్టో వెయ్యాలి.

రెండో వారంలో తొట్టిలో పురుగులు కనిపించాయి. వీడియో గంటలో గ్రూపంతా తిరిగింది. అవి బ్లాక్ సోల్జర్ ఈగ పిల్లలు. ఇంట్లో ఈగల్లా అన్నం మీద వాలే రకం కాదు, చెత్తని గబగబా తినేసి పోతాయి. కానీ వాటి గొప్పతనం గురించి గ్రూపులో ఉపన్యాసమిస్తే లాభం లేదని అప్పటికి నేర్చుకున్నాను. పైన నాలుగంగుళాల ఆకు కప్పించాను. కనిపించడం మానేశాయి, మెసేజీలు ఆగాయి. ఆదివారం రొయ్యల పొట్టు, చేప ముక్కలు కూడా ఇదే పద్ధతిలో, తొట్టి నడుమ గొయ్యి తీసి ఆకుల్లో పాతిపెట్టాలి. పైన వేస్తే పిల్లులూ, కాకులూ రెండూ వస్తాయి. మామిడి టెంకలు, కొబ్బరి బోండాలు వద్దన్నాం. అవి నెలల తరబడి అలాగే ఉంటాయి.

మూడో తప్పు అక్టోబరులో బయటపడింది. తొట్లు మొదలుపెట్టినప్పుడు వేసవి ఆకు ఇంకా మూలల్లో ఉంది, చాలనుకున్నాను. మా ఆవరణలో బాదం ఆకు రాలేది జనవరి నుంచి మార్చి లోపలే. సెప్టెంబరు చివరికి ఆకు అయిపోయింది, ఆ వెనకే వానలు. రేకు మీదుగా జల్లు కొట్టి మూడు తొట్లు తడిసి ముద్దయ్యాయి. కింది అంతస్తువాళ్ళు కిటికీలు మూసుకున్నారు. "మళ్ళీ మొదటికొచ్చింది" అన్నారు ప్రెసిడెంట్ గారు. రంపపు పొట్టు తెప్పించాను, అది తడికి గడ్డకట్టింది. చివరికి కొబ్బరి పొట్టు డబ్బు పెట్టి కొని, ముద్దంతా తిరగేసి కలిపి, రేకుని రెండడుగులు ముందుకి జరిపితే మూడు వారాల్లో దారికొచ్చింది. ఆ ఫిబ్రవరిలో వీధి చివరి దాకా ఊడ్పించి 140 గోనెల ఆకు దాచాం. ఇప్పుడు ఏ అపార్ట్‌మెంటుకి వెళ్ళినా తొట్లకంటే ముందు ఆకు గోనెలకి చోటడుగుతున్నాను. లేదంటే ఒప్పుకోవడం లేదు.

ఏడాదిన్నరకి

165 కిలోల్లో తొట్లకి పోయేది 95. అమ్ముడుపోయే పొడి సరుకు 28 దాకా. బండికి ఇచ్చేది 40 కిలోలు, కొంచెం అటూఇటూ. తొట్ల నుంచి వచ్చే ఎరువు బరువులో అయిదో వంతు. కుండీలకి పోగా మిగిలింది ఆనందపురం వైపు పూలతోటలున్న ఒక రైతు తీసుకెళ్తున్నాడు. మొదటి లోడులో గాజుపెంకు ఒకటి దొరికిందని వెనక్కి తెచ్చి చూపించాడు. అప్పటి నుంచి జల్లెడ పట్టిస్తున్నాం.

ఆ 40 కిలోల్లో 14 డైపర్లే. అంత ఉంటాయని తూచేదాకా నేనూ అనుకోలేదు. టెర్రస్ మీద చిన్న ఇన్సినరేటర్ పెడతామని ఒక కంపెనీ వచ్చింది. వద్దన్నాను. ప్లాస్టిక్కు, జెల్లు కలిసిన తడి సరుకుని ఆ చిన్న పొయ్యి సరైన వేడిలో కాల్చలేదు. పొగ పక్క ఫ్లాట్ల బాల్కనీల్లోకే వస్తుంది. ప్రస్తుతానికి అవి చుట్టి, గుర్తుపెట్టి బండికే వెళ్తున్నాయి. బట్ట డైపర్లు వాడదామని ఒకామె గ్రూపులో రాస్తే, పసిపిల్లలున్న ముగ్గురు తల్లులు కలిసి ఆమెకి ఇచ్చిన సమాధానం ఇక్కడ రాయలేను.

2024 అక్టోబరు 2న ప్రభుత్వం చెత్త పన్ను రద్దు ప్రకటించినప్పుడు నాకు కొంచెం భయం వేసింది. "డబ్బు కడుతున్నాం, వేరు చెయ్యడం వాళ్ళ పని" అనే వాదన ఇంతకుముందు ఉండేది. ఇప్పుడు "డబ్బే లేదు, ఇంక మనకెందుకు" అంటారేమో అనుకున్నాను. ఎవరూ అనలేదు. బుధవారం పొడి, ఆదివారం పొడి అన్నది అప్పటికే పాలవాడు వచ్చే వేళలా అలవాటైపోయింది.

చివరిసారి వెళ్ళినప్పుడు ఆవిడ సెల్లార్లో అట్టపెట్టెలు కట్ట కడుతున్నారు. పక్కన తోటికోడలు. పంట కోతలకి ఊరెళ్ళినప్పుడు పని ఆగకుండా ఆమెకి నేర్పిస్తున్నారట. నన్ను చూసి, కమిటీతో చెప్పి ఒక కాటా ఇప్పించమని అడిగారు. పాత సామాన్ల కొట్టతను తన కాటాలో తూస్తే ప్రతిసారీ రెండు మూడు కిలోలు తగ్గుతోందిట, ఇక్కడే తూచి చీటీ రాసుకుని వెళ్తే మాట్లాడలేడు కదా అని. సెక్రటరీ గారికి ఫోన్ చేశాను. మెషీన్ అమ్మితే వచ్చిన డబ్బు ఇంకా కొంత ఉంది, అందులోంచి కొందామన్నారు.